గుమ్మటం కంటే ముందు బావి

(మహబూబ్‌నగర్‌లో ఉపాధ్యాయులు, డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం ఇది. ఆ సాయంత్రం రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలకు వినిపిస్తోందా? మైకు కొంచెం దగ్గరికి జరుపుకుంటా. ఇప్పుడు? సరే, మంచిది.

మీరంతా బస్సు మాట్లాడుకుని గోల్కొండ పక్కన ఉన్న కుతుబ్‌షాహీ సమాధులకు పోతున్నారని చెప్పారు. పోయే ముందు నాలుగు మాటలు చెప్పమన్నారు. సంతోషంగా ఒప్పుకున్నా. ఎందుకంటే అక్కడికి పోయినవాళ్ళలో చాలామంది ఏం చేస్తారో నేను చూస్తూనే ఉన్నా. గేటు దాటగానే పెద్ద గుమ్మటం దిక్కు నడుస్తారు. దాని ముందు ఫోటో దిగుతారు. లోపలికి పోయి ఒక కేక వేసి, ఆ కేక తిరిగొస్తే విని నవ్వుకుంటారు. బయటికొచ్చి చెట్టు కింద తెచ్చుకున్న పులిహోర తింటారు. అయిపోయింది. తినండి, ఫోటోలు దిగండి, నేను వద్దనను. కానీ నా మాట ఒక్కటి వినండి. గుమ్మటం దిక్కు పోకముందు బావి దగ్గరికి పోండి. ముందు బావి. తర్వాతే గుమ్మటం.

అక్కడ బడీ బావ్లీ అని ఒకటి ఉంది. పెద్ద దిగుడు బావి. ఆ ఆవరణలో ఇట్లాంటి మెట్ల బావులు ఇంకా ఉన్నాయి, అన్నిట్లోకి ఇది పెద్దది. మీరు ముందు దాని ఒడ్డు మీద నిలబడండి. మెట్లు ఎట్లా దిగుతున్నాయో చూడండి. చుట్టూ గోడలో కమానులు చూడండి. రాయి మీద రాయి ఎట్లా కూర్చుందో చూడండి. అప్పుడు మిమ్మల్ని మీరే ఒక ప్రశ్న అడగండి. చనిపోయినవాళ్ళను పూడ్చిపెట్టే చోట ఇంత పెద్ద బావి ఎందుకు? ఎవరికి దాహం?

తోటకు. తోటకే దాహం.

ఇది మనకు, పాలమూరోళ్ళకు, ఎవరూ విడమరిచి చెప్పక్కర లేదు. నీళ్ళు లేకుంటే చెట్టు లేదు, చెట్టు లేకుంటే నీడ లేదు. దక్కను నేల ఎట్లాంటిదో మనం పుట్టి పెరిగి చూసినం. కింద అంతా బండ. వాన పడితే జారి పోతుంది, నిలవదు. అట్లాంటి బండ మీద, గోల్కొండ కోటకు ఉత్తరాన, ఒక రాజవంశం నూట అరవై ఏండ్లకు పైగా ఒకే చోట తమ వాళ్ళను పూడ్చుకుంటూ వచ్చింది. చుట్టూ తోట పెంచింది. ఆ తోట బతకాలంటే వాన నీళ్ళను పట్టి ఆపాలి. పట్టిన నీళ్ళను పైకి తోడాలి. తోడిన నీళ్ళను కాలువల్లో మళ్ళించాలి. ఈ మూడు పనులూ జరగకపోతే ఆ గుమ్మటాలు బీడులో నిలబెట్టిన రాళ్ళ కుప్పలే.

ఇక్కడ కూర్చున్న పెద్దవాళ్ళలో మోట కొట్టినవాళ్ళు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. చూడండి, పిల్లలూ, వెనక్కి తిరిగి చూడండి ఒకసారి. వాళ్ళను అడగండి మోట బావి అంటే ఏందో. ఎడ్ల జత వాలుబాట మీద కిందికి దిగుతుంటే మోకు గిలక మీదుగా లాగుతుంది, తోలు బొక్కెన నిండుగా పైకొస్తుంది, తొట్టిలో కుమ్మరిస్తుంది. ఎడ్లు మళ్ళీ వెనక్కి నడుస్తాయి. పొద్దున్నుంచి అంబలి వేళ దాకా అదే పని. నాలుగు మడులు తడవాలంటే మనిషికి, ఎద్దుకు ప్రాణం పోయేది. మరి పెద్ద తోట తడవాలంటే? ఎన్ని జతల ఎడ్లు, ఎంతమంది మనుషులు? వాళ్ళ పేర్లు ఏ శాసనంలోనూ ఉండవు. సుల్తానుల పేర్లు నల్లరాతి మీద చక్కగా చెక్కి ఉన్నాయి. నీళ్ళు తోడినవాళ్ళ పేర్లు లేవు. బండ పగలగొట్టి బావి తవ్వినవాళ్ళ పేర్లు లేవు. దేశంలో ఎక్కడ డ్యాం కట్టినా మన జిల్లా నుంచి మేస్త్రీ వెంట వలస పోయి తట్ట మోసినవాళ్ళ పేర్లు ఎట్లా లేవో, ఇవి కూడా అట్లానే లేవు. కాబట్టే మిమ్మల్ని ముందు బావి దగ్గర నిలబడమంటున్నా. ఆ పని విలువ తెలిసినవాళ్ళు నిలబడి చూస్తే ఆ బావికి అర్థం వేరుగా ఉంటుంది.

ఆ బడీ బావ్లీ 2013లో వానలకు ఒక పక్క కూలిపోయింది. ఎన్నో ఏండ్లుగా పట్టించుకోక, పూడిక నిండి, రాళ్ళ సందుల్లో చెట్ల వేర్లు దిగి, చివరికి ఒక వానాకాలం గోడ విరిగి లోపల పడ్డది. ఆ ఏడే ఆగాఖాన్ ట్రస్టు ఫర్ కల్చర్ వాళ్ళు, రాష్ట్ర సర్కారు వారసత్వ శాఖ కలిసి ఆ ఆవరణ మొత్తం మరమ్మతు చేసే పని మొదలుపెట్టారు. బావిలో పూడిక తీశారు, కూలిన గోడను రాతితోనే, సున్నంతోనే మళ్ళీ కట్టారు. గోల్కొండ మెట్ల బావుల పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో ఒకటి వచ్చింది. ఇప్పుడు వానాకాలం ఆ బావులు నిండుతాయి. ఆ నీళ్ళే తోటకు వాడుతున్నారు. గమనించండి, అలంకారానికి బాగు చేసి తాళం వేయలేదు. బావిని మళ్ళీ బావిగా పని చేయిస్తున్నారు. నాకు ఆ పనిలో అన్నిటికంటే నచ్చింది ఇదే.

సరే, బావి చూశారు. ఇప్పుడు తోటలోకి రండి.

సమాధి చుట్టూ తోట పెట్టడం పారసీకం నుంచి వచ్చిన అలవాటు. చతురస్రంగా ఉన్న తోటను నడవలతో, నీటి కాలువలతో నాలుగు భాగాలు చేస్తారు. ఖురాను చెప్పే స్వర్గంలో తోటల కింద నదులు పారుతుంటాయి. ఆ స్వర్గాన్ని నేల మీద చూపించే ప్రయత్నం అది. ఢిల్లీలో హుమాయూన్ సమాధి చూసినవాళ్ళుంటే గుర్తు తెచ్చుకోండి. తోట నడిమధ్యలో సమాధి. ఆగ్రాలో తాజ్‌మహల్‌కు వచ్చేసరికి తోట ముందు, సమాధి చివర, దాని వెనక యమున. రెండు చోట్లా తోట ఒక్క కట్టడం కోసమే ఉంది. గోల్కొండలో అట్లా కాదు. ఇక్కడ ఒక వంశమంతా ఒకే నేలలో ఉంది. తాత, కొడుకు, మనవడు, రాణులు, వైద్యులు, దర్బారు మనుషులు. 106 ఎకరాల్లో సమాధులు, మసీదులు, బావులు, ఒక హమాం అంటే స్నానశాల, అన్నీ కలిపి వంద దాకా కట్టడాలు. ఒక రాజవంశం దాదాపు మొత్తం ఒకే ఆవరణలో ఉండటం మన దేశంలో చాలా అరుదు. ఒక్క చివరి సుల్తాను అబుల్ హసన్ తానాషా మాత్రం ఇక్కడ లేడు. 1687లో ఔరంగజేబు కోట పట్టుకున్నాక ఆయన్ని దౌలతాబాద్ కోటలో బందీగా పెట్టాడు. అక్కడే చనిపోయాడు, ఖుల్దాబాద్‌లో పూడ్చారు.

ఈ తోట గురించి ఇంకో సంగతి. టావెర్నియే అని ఫ్రెంచి వజ్రాల వర్తకుడు 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యంలో తిరిగాడు. మన కృష్ణ ఒడ్డు వజ్రాల గనుల గురించి రాసింది ఆయనే. ఈ సమాధుల గురించి కూడా రాశాడు. రోజూ సాయంత్రం నాలుగింటి వేళ అక్కడికి వచ్చిన పేదలందరికీ రొట్టె, పులావు పెట్టేవారట. పండుగ రోజు చూడాలి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా సమాధుల మీద ఖరీదైన తివాచీలు పరుస్తారు అని కూడా రాశాడు. అంటే ఏందన్నట్టు? ఇది జనం రాని చోటు కాదు. రోజూ జనం వచ్చే చోటు. ఆకలితో వచ్చినవాడు తిని పోయే చోటు. మీరు చెట్టు కింద కూర్చుని పులిహోర తింటారని ఇందాక అన్నా కదా, అది తప్పు కాదు. ఆ నేలకు అది కొత్త కాదు. ఎంగిలి ఆకులు, ప్లాస్టిక్ సీసాలు అక్కడే పడేసి రావడం మాత్రం తప్పు. వెనక పోరగాళ్ళకు చెప్తున్నా, వింటున్నారా?

ఇప్పుడు సమాధుల దగ్గరికి. వరుసగా అన్నీ చెప్పను, బోర్డులు ఉన్నాయి, చదువుకోండి. మన పాలమూరుకు సంబంధం ఉన్న కథ ఒకటుంది, అది చెప్తా.

కుతుబ్‌షాహీ రాజ్యం పెట్టినవాడు సుల్తాన్ కులీ. తన సమాధి తను బతికుండగానే కట్టించుకున్నాడు. 1543లో, ముసలితనంలో, నమాజు చేస్తుండగా ఆయన్ని చంపారు. చంపించింది ఎవరు? సొంత కొడుకు జంషీద్. జంషీద్ తన అన్న కళ్ళు తీయించాడు. తమ్ముడు ఇబ్రహీం ప్రాణం దక్కించుకుని పారిపోయాడు. ముందు బీదరు, తర్వాత విజయనగరం. అళియ రామరాయల దగ్గర ఏడేండ్లు ఉన్నాడు. ఏడేండ్లు ఒక పెద్ద తెలుగు, కన్నడ దర్బారులో పెరిగిన మనిషి. 1550లో జంషీద్ చనిపోయాడు. అతని కొడుకు సుభాన్, చిన్న పిల్లగాడు, వాడిని గద్దె మీద కూర్చోబెట్టారు. అప్పుడు కొందరు దర్బారు పెద్దలు, కోట కావలి నాయకవాడీలు ఇబ్రహీంను రమ్మన్నారు. ఆయన విజయనగరం నుంచి బయలుదేరి ముందు ఎక్కడికి వచ్చాడు?

చెప్పండి. ఎవరైనా?

కోయిలకొండ. అవును, మన కోయిలకొండ. మీలో సగం మందికి అక్కడ చుట్టాలు ఉంటారు. ఆ కోట ఆయన వెంట నిలబడింది. ఆ ఏటి శాసనం కోటలో ఉంది, ఇబ్రహీంకు విధేయులుగా ఉంటామన్న మాట మీద. అక్కడి నుంచి గోల్కొండ పోయి గద్దె ఎక్కాడు, 1580 దాకా ముప్పై ఏండ్లు ఏలాడు. గోల్కొండ చరిత్ర ఒక మలుపు తిరిగింది మన జిల్లా గుట్ట మీద. ఇది మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? టీచర్లను అడుగుతున్నా. పానిపట్టు యుద్ధాలు మూడూ తేదీలతో చెప్తారు పిల్లలు. కోయిలకొండ ఎందుకు చెప్పరు? మనం చెప్పలేదు కాబట్టి.

ఇప్పుడు ఆ తోటలో నడుస్తుంటే చూడండి. చంపబడిన తండ్రి సుల్తాన్ కులీ అక్కడే ఉన్నాడు. చంపించిన కొడుకు జంషీద్ అక్కడే ఉన్నాడు, ఎనిమిది పలకల రెండంతస్తుల సమాధిలో. ఆ కట్టడం తీరు మిగతా సుల్తానుల సమాధుల తీరు కాదు, చూడగానే గుర్తుపడతారు. కొద్ది నెలలే గద్దె మీద కూర్చున్న పిల్లగాడు సుభాన్ అక్కడే ఉన్నాడు, చిన్న సమాధి. వాడిని దించి రాజైన చిన్నాయన ఇబ్రహీం కూడా అక్కడే. అందరికీ ఒకే తోట, ఒకే బావుల నీళ్ళు. పుస్తకంలో ఈ కథ చదివితే ఎవరు ఎవరికి ఏమవుతారో మూడుసార్లు వెనక్కి తిప్పాలి. అక్కడ అర్ధగంట నడిస్తే చాలు, ఇక మర్చిపోరు.

ఇబ్రహీం సమాధి దగ్గర ఆగండి. గోడ మీద రంగురంగుల మెరుపు పలకలు కొన్ని చోట్ల ఇంకా మిగిలి ఉన్నాయి. ఇప్పుడు మనకు బూడిద రంగులో, తెలుపులో కనిపించే ఈ కట్టడాలు ఒకప్పుడు ఎంత రంగుగా ఉండేవో ఆ మిగిలిన ముక్కలను బట్టి ఊహించుకోవాలి. దగ్గరగా చూడండి, చేతితో గీకకండి.

ఇబ్రహీం గురించి తెలుగు మాస్టార్లు ఇక్కడ నాకంటే బాగా చెప్తారు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానం ఈయనకే అంకితమిచ్చాడు. మన కవులు ఆయన్ని మల్కిభరాముడు అని సొంత మనిషిలా పిలుచుకున్నారు. ఆయన కొలువులోని అమీన్‌ఖాను, పటాన్‌చెరు ప్రభువు, పొన్నిగంటి తెలగన చేత యయాతి చరిత్ర రాయించుకుని అంకితం తీసుకున్నాడు. అచ్చ తెలుగులో వచ్చిన మొదటి కావ్యం అది. అదే ఇబ్రహీం 1565లో తనను ఏడేండ్లు కాపాడిన రామరాయల మీదికి మిగతా సుల్తానులతో కలిసి యుద్ధానికి పోయాడు. రామరాయలు ఆ యుద్ధంలో పోయాడు. రెండూ నిజమే. పిల్లలకు రెండూ చెప్పండి. ఒకటి చెప్పి ఒకటి దాచకండి, ఏ వైపు దాచినా అది చరిత్ర కాదు.

నీళ్ళ సంగతి మళ్ళీ. ఇబ్రహీం కాలంలోనే 1562లో హుస్సేన్‌సాగర్ తవ్వారు. ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు ఆయన పేరు మీదే ఉంది, నాగార్జునసాగర్ దిక్కు పోయేవాళ్ళు రోజూ చూస్తారు. 1578లో మూసీ మీద పురానాపూల్ కట్టించాడు. ఒక మనిషి చెరువులు తవ్వించి, వంతెన కట్టించి, చివరికి బావుల నడుమ పడుకున్నాడు.

ఆయన కొడుకు మహమ్మద్ కులీ, 1591లో హైదరాబాద్ కట్టించినవాడు. మీరు ఫోటో దిగే పెద్ద గుమ్మటం ఆయనదే. ఎత్తు 42 మీటర్ల దాకా ఉంటుంది. పైన మనకు కనిపించే నల్లరాతి గోరీ గుర్తుకు పెట్టింది. అసలు గోరీ కింద నేలమాళిగలో ఉంది. గుమ్మటం మొదట్లో, మెడ చుట్టూ, తామర రేకులు విచ్చుకున్నట్టు చేశారు చూడండి. ఆ రేకులు రాయి కాదు, గార. సున్నపు గారతో చేత్తో దిద్దినవి.

ఈ గార గురించి కొంచెం సేపు మాట్లాడతా, ఓపిక పట్టండి. ఇక్కడ మేస్త్రీ పని చేసే కుటుంబాల పిల్లలు ఉన్నారని నాకు తెలుసు. మీ తాతలకు డంగు సున్నం తెలుసు. సున్నాన్ని నానబెట్టి, ఇసుక కలిపి, గానుగలో ఎడ్లతో తిప్పి నూరేవారు. బెల్లం నీళ్ళు, మారేడు గుజ్జు, కరక్కాయ, ఇట్లాంటివి కలిపేవారు. ఆ గార మెల్లగా గట్టిపడుతుంది, ఏండ్ల తరబడి గట్టిపడుతూనే ఉంటుంది. దానికి ఇంకో గుణం ఉంది. గోడలోకి పోయిన తేమను బయటికి పోనిస్తుంది. గోడ ఊపిరి తీసుకుంటుంది అంటారు మేస్త్రీలు. 20వ శతాబ్దంలో మరమ్మతుల పేరుతో ఈ సమాధుల మీద సిమెంటు పూశారు. అప్పట్లో సిమెంటు అంటే గొప్ప కదా. మంచి చేస్తున్నామనే పూశారు. కానీ సిమెంటు తేమను లోపలే బంధిస్తుంది. లోపలి సున్నం ఉబ్బుతుంది, ఉప్పు పొడి కక్కుతుంది, పెచ్చులు ఊడతాయి. పైన చూస్తే గట్టిగా ఉంటుంది, లోపల కుళ్ళుతుంది. ఇప్పుడు చేసిన పనిలో పెద్ద భాగం ఏందంటే, ఆ సిమెంటును మెల్లగా గీకి తీసేసి మళ్ళీ సున్నపు గార వేయడం. ఉలి పెట్టి, పాత పని దెబ్బ తినకుండా, అంగుళం అంగుళం. యంత్రంతో అయ్యే పని కాదు. చేతి పని తెలిసిన మనుషులు కావాలి. అట్లాంటి మేస్త్రీలు ఏండ్ల తరబడి అక్కడ పని చేశారు. 2024 జూలైలో ఆ మరమ్మతులన్నీ అయ్యాయని ఆవరణను ముఖ్యమంత్రి చేతుల మీదుగా ప్రారంభించారు.

మన ఊళ్ళలో గుళ్ళకు, బురుజులకు ఏం చేస్తున్నామో ఇప్పుడు ఆలోచించండి. చందాలు వేసి, భక్తితో, పాత రాతి గోడకు సిమెంటు పూసి, పైన ఎనామిల్ రంగు వేస్తున్నాం. డబ్బు మనదే, శ్రద్ధ మనదే, పాడయ్యేది కూడా మనదే. మీ ఊళ్ళో ఎవరైనా పాత కట్టడానికి సిమెంటు వేస్తామంటే, మీరు అక్కడ చూసింది చెప్పండి. మీరు చెప్తే వింటారు, మీరు ఊరి పిల్లలు.

రాణుల గురించి చెప్పకుండా ముగిస్తే తప్పవుతుంది. హయాత్ బక్షీ బేగం సమాధి చూడండి. మహమ్మద్ కులీ బిడ్డ, సుల్తాన్ మహమ్మద్ భార్య, అబ్దుల్లా తల్లి. ముగ్గురు సుల్తానులను దగ్గరి నుంచి చూసిన మనిషి, రాజ్యం నడపడంలో గట్టి చేయి ఉన్న మనిషి. 1667లో పోయింది. సుల్తానుల సమాధులతో పోటీ పడేట్టు ఉంటుంది ఆమెది. పక్కన పెద్ద మసీదు. నల్లగొండ నుంచి వచ్చిన మిత్రులు రోజూ ఆమె పేరు మీదుగానే హైదరాబాద్ చేరతారు, హయత్‌నగర్ ఆమెదే. అక్కడ ఆమె మసీదు పక్కన హాథీ బావ్లీ ఉంది. మళ్ళీ బావి! ఈ కుటుంబం ఎక్కడ మసీదు కట్టినా, ఎక్కడ సమాధి కట్టినా, పక్కన నీళ్ళు ఉంటాయి. వెతకండి, కనిపిస్తాయి.

హమాం కూడా వదలొద్దు. కోట నుంచి సుల్తాను శవాన్ని బంజారా దర్వాజా గుండా తెచ్చి, ఇక్కడే స్నానం చేయించి, తర్వాత ఖననం చేసేవారు. నడుమ పన్నెండు పలకల అరుగు ఉంటుంది. పన్నెండు మంది ఇమాములను గుర్తు చేసేది, వీళ్ళు షియాలు కదా. అక్కడికి కూడా నీళ్ళు కావాలి. పుట్టిన మనిషికి మొదట నీళ్ళే, పోయిన మనిషికి చివర నీళ్ళే, మనలో అయినా వాళ్ళలో అయినా.

ఇక పోయే దారి, వేళ. మన బస్సులు ఆరాంఘర్ మీదుగా పోతాయి, అక్కడి నుంచి మెహదీపట్నం, టోలీచౌకి. సెవెన్ టూంబ్స్ అంటే ఆటోవాళ్ళు ఎవరైనా చూపిస్తారు. వేళలు, సెలవు రోజు ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఎండాకాలం వద్దు, వానలు బాగా పడ్డాక పోండి, బావుల్లో నీళ్ళు ఉంటాయి. పిల్లలకు నోటు పుస్తకాలు ఇవ్వండి. గోడల మీద పేర్లు గీకే చేతులకు పెన్ను, కాగితం ఇస్తే గోడ బతుకుతుంది. మన పెద్ద మర్రిచెట్టు పిల్లలమర్రికి ఏమైందో చూశాం కదా, కొమ్మలకు చెదలు పట్టి 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించాల్సి వచ్చింది. కొమ్మల మీద ఎక్కి ఊగినవాళ్ళూ మనవాళ్ళే.

ఇంకొక్కటి అడుగుతున్నా, కమిటీ వాళ్ళు ఒప్పుకుంటే. గోల్కొండ పోయే ముందు ఒక ఆదివారం కోయిలకొండ పోదాం. ఇబ్రహీం నడిచిన వరుసలోనే, ముందు కోయిలకొండ, తర్వాత గోల్కొండ. గుట్ట ఎక్కాలి, మోకాళ్ళ నొప్పులు ఉన్నవాళ్ళు కింద ఆగొచ్చు. నీళ్ళు వెంట తెచ్చుకోండి. నేను వస్తా.

ప్రశ్నలు ఉంటే అడగండి. ఆ కిటికీ పక్కన అమ్మాయి ఎప్పటి నుంచో చెయ్యెత్తి ఉంది. లేచి గట్టిగా అడుగమ్మా, అందరికీ వినిపించాలి.